స్థలంపై పెట్టుబడి పెట్టే ముందు భూమిని ఎలా సర్వే చేయించుకోవాలి

దస్తావేజులో 5 ఎకరాలని రాసి ఉన్నంత మాత్రాన నేల మీద 5 ఎకరాలు ఉంటాయన్న హామీ ఏదీ లేదు. రిజిస్ట్రేషన్ కార్యాలయం పత్రాన్ని నమోదు చేస్తుందే తప్ప పొలానికి వచ్చి కొలవదు. తాతల నాడు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అంచనాగా వేసుకున్న విస్తీర్ణమే ఒక పత్రం నుంచి మరో పత్రానికి నకలవుతూ వస్తుంది. ఈలోగా ఏటా దున్నకాల్లో గట్టు ఒక పక్కకు కరుగుతుంది, డొంక పక్కకు జరుగుతుంది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొంత నేల పోతుంది. సేద్యం సాగినంత కాలం ఈ తేడా ఎవరికీ పెద్దగా పట్టదు. అదే నేలలో వెంచర్ వేయాలన్నా, అపార్ట్‌మెంట్ లేపాలన్నా లెక్క ఎకరాల నుంచి గజాలకు మారుతుంది, అప్పుడు ప్రతి గజమూ డబ్బుగానో తగాదాగానో బయటపడుతుంది.

ఒక లెక్క చూడండి. 5 ఎకరాలంటే 24,200 గజాలు. కొలిచి చూస్తే 4 ఎకరాల 32 గుంటలే తేలిందనుకుందాం, అంటే 23,232 గజాలు. తగ్గింది 8 గుంటలే కదా అనిపిస్తుంది కానీ అది 968 గజాలు. గజం 15,000 రూపాయల చొప్పున కోటి 45 లక్షల 20 వేల రూపాయలు. పైగా లేఅవుట్‌లో రోడ్ల వెడల్పు నిబంధన ప్రకారం ఉండాల్సిందే కాబట్టి, తగ్గిన నేలలో ఎక్కువ భాగం అమ్ముకోవలసిన ప్లాట్ల లోంచే పోతుంది. భూమి ధరతో, నిర్మాణ వ్యయంతో పోలిస్తే సర్వేకయ్యే ఖర్చు చాలా తక్కువ. అయినా మన దగ్గర చాలామంది దాన్ని అనుమతుల ఫైలులో పెట్టే ఒక కాగితంగానే చూస్తారు, బయానా ఇచ్చేశాక, ఒక్కోసారి ప్రహరీ కట్టేశాక చేయిస్తారు. ఆ క్రమాన్ని తిరగేయమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. రెండు తెలుగు రాష్ట్రాల్లో భూమిని అభివృద్ధికి ఇచ్చే యజమానికీ, చిన్న బిల్డర్‌కీ, సొంత ఇల్లు కట్టుకునే కుటుంబానికీ పనికివచ్చేలా దీన్ని రాస్తున్నాను.

ముందు కాగితాలు

సర్వేయర్‌ను పిలవడానికి ముందే సేకరించవలసినవి ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతంలో అడంగల్, 1బి (సాగు, హక్కుల రికార్డులు), ఎఫ్.ఎం.బి. స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం), ఆర్.ఎస్.ఆర్. (సర్వే నాటి మూల భూమి రిజిస్టర్) నకలు, గ్రామ పటం తీసుకోవాలి; తెలంగాణలో పహాణీలు (సాగు రికార్డులు), సేత్వార్ (మూల భూమి రిజిస్టర్), టిప్పన్ (కొలతల పటం), గ్రామ నక్షా తీసుకోవాలి. వీటితో పాటు లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆ భూమిపై నమోదైన లావాదేవీల పత్రం) ఎలాగూ ఉండాలి. హక్కు ఎవరిదో చూసే న్యాయవాది, హద్దు ఎక్కడో చూసే సర్వేయర్ ఒకే కాగితాల కట్టను చూసి పని చేయడం మంచిది. ఎందుకంటే సర్వే హద్దును తేలుస్తుందే గానీ యాజమాన్యాన్ని తేల్చదు, దస్తావేజు యాజమాన్యాన్ని చెబుతుందే గానీ నేల మీద హద్దును చూపదు.

ఈ కాగితాల్లో మొదట చూడవలసింది భూమి వర్గీకరణ. ఆర్.ఎస్.ఆర్.లో గానీ సేత్వార్‌లో గానీ ఆ నంబరు పట్టా భూమా, పోరంబోకా (ప్రభుత్వ నేలా), శిఖమా (చెరువు ముంపు నేలా), వాగా అన్నది తెలుస్తుంది. ఇప్పటి రికార్డులో పట్టా అని ఉండి, పాత రిజిస్టర్‌లో చెరువు శిఖం అని ఉంటే, ఎంత గట్టి దస్తావేజు ఉన్నా ఆ నేల జోలికి వెళ్లకపోవడమే మేలు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితాను కూడా ఇప్పుడే చూసుకోవాలి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం పరిధిలోకి వచ్చే నేల మీ స్థలంలో ఒక భాగంగా కలిసి ఉందేమో ఇక్కడే తెలుస్తుంది.

తర్వాత చెక్కుబందీ. దస్తావేజులో తూర్పు, దక్షిణం, పశ్చిమం, ఉత్తరం ఎవరెవరి భూములున్నాయో రాసిన పంక్తులను వరుసగా అన్ని లింకు డాక్యుమెంట్లలో పోల్చి చూడండి. 30 ఏళ్ల కిందటి పత్రంలో పడమర దిక్కున బండి బాట అని ఉండి, నిన్నటి పత్రంలో పక్క రైతు పేరు ఉంటే, ఆ బాట ఏమైందో అడిగి తీరాలి. విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యం ఇస్తాయి కాబట్టి ఈ నాలుగు పంక్తులను అంకెలకంటే శ్రద్ధగా చదవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ పాత నంబరుకూ కొత్త నంబరుకూ లంకె చూపే పత్రం తప్పనిసరిగా తీసుకోవాలి. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల భూమి కలిపి ఒకే జాయింట్ ఎల్.పి.ఎం.గా నమోదైంది, అలాంటి నేలను కొనే ముందు సబ్ డివిజన్ చేయించి, విడి నంబరు తెచ్చుకోవాలి. తెలంగాణలో 2025 నాటి భూభారతి చట్టం రిజిస్ట్రేషన్ సమయంలో సర్వే పటం జతచేసే విధానాన్ని తెచ్చింది. నా దృష్టిలో మన భూ రికార్డుల్లో చాలాకాలంగా లేని మేలైన మార్పు ఇదే, కానీ పాత పత్రాలకు పటాలు లేవు గనుక పాత లోపాలు వాటంతట అవి సరికావు.

టిప్పన్‌ను చదవడం

ఎఫ్.ఎం.బి. గానీ టిప్పన్ గానీ చూడగానే అర్థం కాని గీతల బొమ్మలా ఉంటుంది. దాన్ని చదవడం యజమాని కూడా కొంత నేర్చుకుంటే, కొలత రోజున ఎవరూ మభ్యపెట్టలేరు. పొలం మధ్యగా ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఒక మూల రేఖ గీసి ఉంటుంది. ఆ రేఖ మీద ఎంత దూరం నడిచాక, ఎటువైపు లంబంగా ఎంత పోతే గట్టు మలుపు వస్తుందో పక్కన అంకెలు వేసి ఉంటాయి. ఉదాహరణకు రేఖ మీద 184 అని, దాని ఎడమన 36 అని ఉందనుకోండి. కొలతలు లింకుల్లో ఉంటే, 100 లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు, అంటే 20.1168 మీటర్లు. కాబట్టి రాయి దగ్గర మొదలుపెట్టి 37.01 మీటర్లు నడిచి, అక్కడి నుంచి లంబంగా ఎడమకు 7.24 మీటర్లు పోతే గట్టు మూల దొరకాలి. ఆ అంకెలనే అడుగులనుకుని కొలిచినవారు 56 మీటర్ల దగ్గర ఆగి, 11 మీటర్లు పక్కకు వెళ్లి, పొరుగువాడి పొలంలో మేకు దిగ్గొడతారు. కొలతలు లింకులా, మీటర్లా, గొలుసు ఆణాలా అన్నది పటంలోని స్కేలును బట్టీ రికార్డు కాలాన్ని బట్టీ ముందే నిర్ధారించుకోవాలి.

విస్తీర్ణం అంకె ఎలా వచ్చిందో కూడా చూడాలి. ఇంటి స్థలాల్లో ఎదురెదురు భుజాలను కలిపి సగం చేసి, రెండు సగటులను గుణించే అలవాటు మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఉంది. స్థలం నిక్కమైన దీర్ఘచతురస్రమైతే తప్ప ఈ లెక్క ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. 60, 40, 60, 40 అడుగుల భుజాలున్న స్థలాన్ని ఈ పద్ధతిలో 2,400 చదరపు అడుగులంటారు. మూలలు లంబంగా ఉంటే రెండు కర్ణాలూ 72 అడుగుల పైచిలుకు వస్తాయి. కానీ టేపు పట్టి చూస్తే ఒక కర్ణం 65 అడుగులు, రెండోది 78 అడుగుల 7 అంగుళాలు వచ్చిందంటే స్థలం ఒరిగి ఉందని అర్థం. అప్పుడు అసలు విస్తీర్ణం 2,350 చదరపు అడుగులే, అయిదున్నర గజాలు తక్కువ. విస్తీర్ణం కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది: ఇంటి ప్లాను లంబకోణాలతో గీసి ఉంటుంది, ఒరిగిన స్థలంలో దాన్ని కూర్చోబెట్టాలంటే ఒక మూల సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలవలసిన ఖాళీ) లోపలికి పోతుంది. అందుకే ఏ స్థలానికైనా నాలుగు భుజాలతో పాటు రెండు కర్ణాలూ కొలిచి రాయించుకోవాలి. ఈ ఒక్క పని ఎవరైనా ఒక సాయంత్రం టేపుతో చేసుకోవచ్చు.

ఎవరిచేత కొలిపించాలి

రెండు పనులకు ఇద్దరు వేర్వేరు మనుషులు అవసరం అవుతారు, ఇద్దరినీ కలిపి ఒకటే అనుకోవద్దు. హద్దు తేల్చే అధికారిక కొలతకు మీసేవ ద్వారా గానీ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం ద్వారా గానీ దరఖాస్తు చేసుకోవాలి; దీన్నే అందరూ ఎఫ్-లైన్ పిటిషన్ అంటారు. ప్రభుత్వ సర్వేయర్ చుట్టుపక్కల పట్టాదారులకు నోటీసులిచ్చి, వారి సమక్షంలో కొలిచి, హద్దులు చూపి, పంచనామా రాస్తారు. తగాదా వచ్చినప్పుడు విలువ ఉండేది దీనికే, దీని వెనక 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ఉంది. ఎత్తుపల్లాలు, చెట్లు, బావులు, స్తంభాలు అన్నీ చూపే వివరమైన పటం కోసం మాత్రం టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే యంత్రం), డి.జి.పి.ఎస్. (తప్పులు సవరించి చూపే జి.పి.ఎస్.) పరికరాలున్న లైసెన్సు పొందిన ప్రైవేటు సర్వేయర్‌ను పెట్టుకోవాలి.

నా సలహా ప్రకారం ప్రైవేటు సర్వేను ముందు చేయించి, ఎక్కడ తేడా ఉందో తెలుసుకుని, ఆ తర్వాత అధికారిక కొలతకు వెళ్లడం మేలు. అప్పుడు ప్రభుత్వ సర్వేయర్ వచ్చిన రోజున ఏం అడగాలో మీకు తెలిసి ఉంటుంది. అమ్మేవారు చూపించిన సర్వేయర్ పటాన్నే నమ్ముకుని డబ్బు కట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. సర్వేయర్‌తో మాట్లాడుకునేటప్పుడు రోజు కూలి మాటకంటే చేతికి ఏమేమి ఇస్తారన్నది ముందు రాయించుకోండి: సంతకం చేసిన పటం, ప్రతి మూలకు నిర్దేశాంకాల (స్థానం తెలిపే అంకెల) పట్టిక, పటం కంప్యూటర్ ఫైలు, ఏ రాళ్ల ఆధారంగా కొలిచారో చెప్పే వివరణ. ఈ చివరిది ఇవ్వలేనివారి పటం మీద ఆధారపడి పునాది తీయలేం.

కొలత రోజున పొలంలో

కొలతకు మంచి కాలం పంట కోసి, గట్లు కనబడే వేసవి. కొలత రోజుకు ముందే సర్కారు తుమ్మ కొట్టించి, గట్ల మీద దారి తీయించండి. మీ హద్దుకు ఆనుకుని ఉన్న ప్రతి రైతుకూ నోటీసు సంగతి పక్కన పెట్టి, ఇంటికి వెళ్లి మర్యాదగా చెప్పండి. తమకు తెలియకుండా రాళ్లు పాతుతున్నారన్న అనుమానం నుంచే సగం తగాదాలు పుడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: కొలత ఎక్కడి నుంచి మొదలవుతోంది? పక్క వెంచర్ ప్రహరీ మూల నుంచో, రోడ్డు అంచు నుంచో, ముళ్లకంచె నుంచో టేపు పడితే, ఆ గోడ కట్టినవాడి తప్పు మీ పటంలోకి వస్తుంది. మూడు గ్రామాల హద్దులు కలిసే చోట ఉండే ట్రైజంక్షన్ రాయి నుంచి గానీ, పటంలో గుర్తించి ఉండి, నేల మీద కదలకుండా ఉన్న పాత సర్వే రాళ్ల నుంచి గానీ మొదలుపెట్టాలి. కనీసం మూడు రాళ్లు దొరకాలి. రెండు రాళ్ల మధ్య దూరం పటంతో సరిపోయిందంటే ఒక రుజువు, మూడో రాయి కూడా సరిపోతేనే వాటిలో ఏదీ జరగలేదన్న నమ్మకం కలుగుతుంది.

ఆ రాళ్లు చాలాసార్లు కంటికి కనబడవు. పటం ప్రకారం ఉండాల్సిన చోటును గుర్తించి, మీటరు దూరం చుట్టూ మట్టిని గునపంతో నెమ్మదిగా తీయించాలి. జేసీబీ పెట్టి గోకితే ఉన్న రాయి కాస్తా పోతుంది. అసలు సర్వే రాయి మామూలు బండరాయిలా ఉండదు, చెక్కి ఉంటుంది, పైన గుర్తు కొట్టి ఉంటుంది, నిలువుగా లోతుకు పాతి ఉంటుంది. అడ్డంగా పడి ఉన్న రాయి దొరికితే అది ఒకప్పుడు ఆ దరిదాపుల్లో ఉండేదని తప్ప దాని వల్ల మరేమీ తెలియదు, దాన్ని లేపి నిలబెట్టి అక్కడి నుంచి కొలవకూడదు. ప్రభుత్వం పాతిన హద్దు రాయిని కదపడం శిక్షార్హమైన నేరమని కూలీలకు ముందే చెప్పి పెట్టండి.

వాలు నేలలో టేపును నేల మీద పరిచి కొలిస్తే దూరం ఎక్కువ వస్తుంది. పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో టేపు 100 మీటర్లు చూపితే సమతలంలో దూరం 99.50 మీటర్లే. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో, విశాఖ కొండవాలుల్లో ఇది చిన్న సంగతి కాదు. టోటల్ స్టేషన్ ఈ సవరణ తానే చేసుకుంటుంది, టేపుతో కొలిచేవారు టేపును సమంగా పట్టుకుని మెట్లు మెట్లుగా కొలవాలి.

మూలలు తేలాక ప్రతి మూలలో రాయి పాతించి, ఆనవాలు కనబడేలా దూరం నుంచి ఒక ఫోటో, దగ్గర నుంచి ఒక ఫోటో తీయించి, హాజరైన పొరుగువారి సంతకాలతో పంచనామా పూర్తి చేయించాలి. ఒకరు సంతకం పెట్టనంటే గొడవ పడవద్దు. వారు హాజరైనట్టూ, సంతకానికి నిరాకరించినట్టూ, ఏ మూల మీద అభ్యంతరం చెప్పారో అదీ రాయించండి. ఆ అభ్యంతరం తేలేదాకా ఆ వైపు గోడ కట్టకుండా ఆపుకోవడం, తర్వాత కోర్టు మెట్లు ఎక్కడంకంటే చౌక. విదేశాల్లో ఉండి జి.పి.ఏ. (ప్రతినిధికి ఇచ్చే అధికార పత్రం) ద్వారా పనులు చేయించుకునే మనవారు ఈ ఫోటోలు, పంచనామా నకలు, నిర్దేశాంకాల పట్టిక అదే రోజున తెప్పించుకోవాలి.

హద్దు లోపలే ఉన్నా కట్టలేని నేల

విస్తీర్ణం పూర్తిగా తేలినా అదంతా కట్టుకోవడానికి పనికొస్తుందని కాదు. గ్రామ పటంలో ఉన్న ప్రతి గీతనూ మీ పటంపై వేయించండి. నేల మీద దున్నేసి కనబడని నక్షా బాట, పూడ్చేసిన పంట కాలువ, ఎండిన వాగు కాగితం మీద బతికే ఉంటాయి. వెంచర్‌లో ప్లాట్లుగా అమ్మేశాక పై రైతులు బాట అడిగితే ఇవ్వక తప్పదు.

చెరువు దగ్గర ఉన్న నేలైతే ఎఫ్.టి.ఎల్. (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) గీత ఎక్కడ పడుతుందో నీటిపారుదల శాఖ రికార్డుతో సరిచూసుకుని, ఆ మట్టాన్ని నేల మీద లెవెల్ యంత్రంతో గుర్తించాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవో భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్.టి.ఎల్. నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు నిర్మాణం లేకుండా వదలాలి. చెరువు వేసవిలో ఎండి, నీరు వంద మీటర్ల దూరాన కనబడుతున్నంత మాత్రాన గీత అక్కడ లేదనుకోకూడదు, ఎఫ్.టి.ఎల్. అనేది చెరువు నిండినప్పటి మట్టం. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత హైదరాబాద్‌లో చెరువుల హద్దుల్లోని కట్టడాలు కూల్చివేతకు గురికావడం అందరమూ చూశాం. అలాంటి చోట లెవెల్ సర్వే చేయించకుండా కొనడం కుటుంబం పొదుపంతా పందెం కాయడమే.

హైటెన్షన్ తీగల కింద వదలవలసిన వెడల్పు, మాస్టర్ ప్లాన్ రోడ్డు పోయే భాగం, గోదావరి, కృష్ణా జిల్లాల్లో నేల కింద పోయే గ్యాస్, చమురు పైపుల పట్టీ కూడా పటంపై రావాలి. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద వాడుక హక్కు తీసుకున్న పట్టీలో యాజమాన్యం రైతుదే అయినా ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పొలంలో అక్కడక్కడా ఉండే పసుపు రంగు గుర్తు స్తంభాలను సర్వేయర్ వదిలేయకుండా చూసుకోండి.

ఎత్తుపల్లాల సర్వే

హద్దు సర్వేతో ఆగిపోయేవారే ఎక్కువ, అయితే వెంచర్ లాభనష్టాల్లో సగం ఎత్తుపల్లాల్లోనే ఉంటుంది. స్థలమంతా నిర్ణీత దూరాల్లో మట్టాలు తీసి, అర మీటరు తేడాతో కాంటూరు గీతలు (ఒకే ఎత్తులోని చోట్లను కలిపే గీతలు) వేయించాలి. చదునైన డెల్టా నేలల్లో పావు మీటరు తేడా కావాలి. ముందున్న రోడ్డు మధ్య మట్టం, డ్రైను అడుగు మట్టం, పక్క స్థలాల మట్టం, అతి పల్లపు మూల నుంచి నీరు బయటికి పోయే దారి ఇవన్నీ పటంలో ఉండాలి. రోడ్డు మట్టం తెలియకుండా బేస్‌మెంట్ ఎత్తు నిర్ణయించడం వల్లే తొలి వానకే ఇంట్లోకి నీరొస్తుంది.

మట్టి లెక్క ఇక్కడే తేలుతుంది. ఎకరం స్థలాన్ని ఒక మీటరు లేపాలంటే కుదించిన తర్వాత 4,047 ఘనపు మీటర్ల గ్రావెల్ కావాలి, అంటే వంద ఘనపుటడుగుల యూనిట్లలో సుమారు 1,430. మట్టాలు తీయడంలో 20 సెంటీమీటర్ల తప్పు వస్తే ఎకరానికి 800 ఘనపు మీటర్లకు పైగా తేడా పడుతుంది, ఆ తేడా ట్రిప్పుల లెక్క రాసేవాడికే లాభం. అందుకే మట్టి పోయడానికి ముందు, పోసిన తర్వాత ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తు కొలవడానికి ఆధారమైన స్థిర గుర్తు) నుంచి రెండుసార్లు మట్టాలు తీయించి, తేడాను బట్టి డబ్బు కట్టాలి. ఆ బెంచ్‌మార్క్‌ను కదలని కట్టడం మీద, కల్వర్టు గోడ లాంటి చోట, రంగుతో గుర్తు పెట్టించండి. కొలత ముగిశాక సర్వేయర్ తిరిగి బెంచ్‌మార్క్ మీదికి వచ్చి ఎంత తేడాతో ముగించారో అడగండి; మంచి సర్వేయర్ ఆ అంకె చెప్పడానికి వెనకాడరు.

డ్రోన్ పటాలు ఇప్పుడు చౌకగా వస్తున్నాయి, పెద్ద విస్తీర్ణాలకు అవి మేలే. కానీ తుమ్మ పొదలూ చెరకు తోటా ఉన్న చోట సాధారణ డ్రోన్ కెమెరా చూసేది ఆకుల పైభాగాన్నే, కింద నేల మట్టాన్ని కాదు. అలాంటి భాగాలను మనిషి నడిచి కొలవాల్సిందే. చేపల చెరువులు పూడ్చి ప్లాట్లు చేసిన నేలల సంగతి మరీ వేరు. పైనుంచి ఎంత చదునుగా ఉన్నా కాంటూరు పటం కింద ఉన్న పూడికను చూపదు కాబట్టి, పాత ఉపగ్రహ చిత్రాలు చూసి చెరువు గట్లు ఎక్కడున్నాయో పటంపై గుర్తించి, ఆ చోట్లనే మట్టి పరీక్షకు బోర్లు వేయించాలి. నల్లరేగడి నేలల్లోనూ బోర్ల చోటును ఈ పటమే నిర్ణయించాలి.

నిర్దేశాంకాలు, పటం

1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే కొలతల ఆధారంగా తర్వాత వచ్చిన మన దేశపు పాత పటాలు ఎవరెస్ట్ గోళాకృతి (భూమి ఆకారానికి వేసిన ఒక అంచనా) లెక్క మీద నడిచాయి, నేటి జి.పి.ఎస్. లెక్క డబ్ల్యు.జి.ఎస్. 84 మీద నడుస్తుంది. సవరణ చేయకుండా పాత పటాన్ని ఉపగ్రహ చిత్రంపై పరిస్తే గీతలు వందల అడుగులు పక్కకు పోతాయి. మొబైల్‌లో చూపించే సర్వే నంబరు గీతలను చూసి స్థలం చెరువులో ఉందనో లేదనో తేల్చుకోవద్దని చెప్పడానికి ఇదొక కారణం. మొబైల్ జి.పి.ఎస్. స్వయంగా కొన్ని మీటర్లు తప్పుతుందన్నది ఇంకో కారణం.

పటం మీద ఏ లెక్కలో నిర్దేశాంకాలు ఇచ్చారో రాసి ఉండాలి. తెలుగు నేలలో ఎక్కువ భాగం యు.టి.ఎం. (భూమిని మండలాలుగా విడదీసి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) 44వ మండలంలోకి వస్తుంది, 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న అనంతపురం, ఆదోని, జహీరాబాద్ లాంటి చోట్లు 43లోకి వస్తాయి. ఆ గీతకు దగ్గరలో ఉన్న స్థలమైతే ఇది తప్పక సరిచూసుకోవాలి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టు నమోదుకు స్థలం చివరి బిందువుల అక్షాంశ రేఖాంశాలతో సహా హద్దులు చూపాలి. అక్కడ ఇచ్చే అంకెలు, అనుమతి ప్లానులోని అంకెలు, దస్తావేజు పటంలోని అంకెలు మూడూ ఒకటే అయి ఉండాలి.

ఒప్పందంలో ఏం రాయాలి

బయానా ఇచ్చేటప్పుడే అగ్రిమెంట్‌లో, సర్వేలో తేలిన విస్తీర్ణానికే ధర లెక్క కట్టబడుతుందని, ఎన్ని రోజుల్లోగా ఎవరి ఖర్చుతో కొలవాలో, తగ్గినా పెరిగినా ఏం చేయాలో స్పష్టంగా రాయించండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయితే యజమాని వాటా గజాల్లోనో చదరపు అడుగుల్లోనో నిర్ణయమవుతుంది కాబట్టి, రోడ్డు విస్తరణలో పోయే నేల ఎవరి వాటాలోంచి పోతుందో కూడా అందులోనే తేలాలి. యజమానులు ఈ షరతును చూసి సంకోచిస్తారు, కానీ ఇది వారిని కూడా కాపాడుతుంది: కొలతలో ఎక్కువ తేలితే దానికీ డబ్బు వస్తుంది, తక్కువ తేలితే రిజిస్ట్రేషన్ తర్వాత మోసం కేసు ఎదుర్కోవలసిన పని ఉండదు. పాత పత్రంలో విస్తీర్ణం గానీ చెక్కుబందీ గానీ తప్పని తేలితే, కొత్త పత్రంలోకి ఆ తప్పును మోయకుండా ముందు సవరణ దస్తావేజు చేయించాలి.

తవ్వకం మొదలయ్యాక

పటం చేతికి వచ్చాక సర్వేయర్‌తో పని అయిపోలేదు. సెల్లార్ తవ్వితే హద్దు రాళ్లూ మేకులూ మట్టితో పోతాయి, అందుకని తవ్వకం గీతకు బయట రెండు మూడు ఆధార బిందువులను కాంక్రీటులో బిగించి, ప్రతి మూలకూ వాటి నుంచి దూరం రాసి పెట్టుకోవాలి. బెడ్ కాంక్రీటు వేశాక, కాలమ్స్ నిలబెట్టడానికి ముందు ఒకసారి, ప్లింత్ బీమ్ స్థాయిలో ఇంకోసారి హద్దు నుంచి దూరాలు కొలిపించండి. అర మీటరు తేడా ఈ దశలో ఒక రోజు పనితో సరిపోతుంది, అయిదు అంతస్తులు లేచాక సరిచేసే దారే ఉండదు. అనుమతి ఇచ్చేటప్పుడు చాలా భవనాలకు స్థానిక సంస్థ నిర్మాణ ప్రాంతంలో కొంత భాగాన్ని తనఖా పెట్టించుకుంటుంది. సెట్‌బ్యాక్‌లలో తేడా పట్టుబడితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండవచ్చన్న ధ్రువపత్రం) ఆగి, ఆ తనఖా కూడా విడుదల కాదు.

వెంచర్ అయితే రోడ్లు వేసి, ప్లాట్ల రాళ్లు పాతిన తర్వాత మొత్తం లేఅవుట్‌ను అనుమతి ప్లానుతో మరోసారి పోల్చి చూడాలి. రోలర్లూ టిప్పర్లూ తిరిగేటప్పుడు మూల రాళ్లు జరగడం మామూలే. ప్లాటు కొన్న ప్రతి ఒక్కరికీ దస్తావేజుతో పాటు ఆ ప్లాటు నాలుగు మూలల నిర్దేశాంకాలు, నాలుగు భుజాలు, రెండు కర్ణాలు ఉన్న సంతకం చేసిన పటాన్ని ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, ఒక నకలు ప్లాటు యజమానుల సంఘానికి అప్పగించాలి.